ఆరు సెమిస్టర్లు జొటేరోతో: ఆన్‌లైన్ విద్యార్థులకు వెతకడం నేర్పాలంటే ఎంతవరకు పనికొస్తుంది

జొటేరో అంటే చివర్లో రిఫరెన్సుల పట్టీ తయారుచేసి పెట్టే సాఫ్ట్‌వేర్ అనే చాలామంది అనుకుంటారు. ఆన్‌లైన్ డిగ్రీ, పీజీ క్లాసుల్లో లైబ్రరీ పరిశోధన నేర్పడానికి ఆరు సెమిస్టర్లుగా వాడుతున్న మా లెక్కలో అది దాని రెండో పని. లైబ్రరీలో పిల్లవాడి పక్కన నిలబడితే తెర చూసి "అక్కడ కాదు, ఇక్కడ వెతుకు" అనొచ్చు. ఆన్‌లైన్ క్లాసులో ఆ వీల్లేదు, చేతికొచ్చేది చివరి పేపరొక్కటే. అది బాగాలేకపోతే తప్పు వెతకడంలో జరిగిందా, ఎంచుకోవడంలోనా, చదవడంలోనా అన్నది తెలీదు. జొటేరో గ్రూప్ లైబ్రరీ, అంటే కొందరు కలిసి మూలాలు చేర్చుకునే ఉమ్మడి అర, ఆ మధ్యదారిని కొంతైనా చూపిస్తుంది. మేము దీన్ని వదలకపోవడానికి కారణం అదే. మిగతా సుగుణాలు లేకపోయినా సర్దుకుపోయేవాళ్లం.

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో మొదలైంది. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి పీడీఎఫ్ చదివి గీతలు పెట్టుకునే వీలు లోపలే ఉంది. 2024 ఆగస్టులో ఏడో వెర్షన్ వచ్చింది. కంప్యూటర్లో అసలు ప్రోగ్రాం, బ్రౌజర్‌లో కనెక్టర్ (తెరిచిన పేజీ వివరాల్ని జొటేరోలోకి పంపే బొత్తాం), జొటేరో వెబ్‌సైట్లో ఖాతా: ఈ మూడూ ఉండాలి. మొదటి వారం వచ్చే సందేహాల్లో సగానికి పైగా "గ్రూప్ కనబడట్లేదండీ" అనేదే. వెబ్‌సైట్లో లాగిన్ అయి, కంప్యూటర్లోని ప్రోగ్రాంలో అవ్వరు. సెట్టింగ్స్‌లో సింక్ దగ్గర అదే ఖాతా ఇచ్చి, పైన కుడి మూలనున్న గుండ్రటి బాణం నొక్కితే గ్రూప్ దిగుతుంది.

నలభై మంది క్లాసుకు ఒకే గ్రూప్ పెట్టకండి. ఒకరు పొరపాటున తీసేస్తే అందరికీ పోతుంది. అయిదుగురికొకటి చొప్పున ఎనిమిది గ్రూపులు చేసి, అన్నిటికీ యజమానిగా టీచరే ఉండాలి. గ్రూప్ రకం ప్రైవేటే పెట్టండి. ఎవరైనా చేరగలిగే పబ్లిక్ గ్రూపులో ఫైళ్లు దాచనివ్వదు. ప్రైవేటులో దాచొచ్చు గానీ ఉచిత చోటు 300 ఎంబీలే, అదీ గ్రూప్ యజమాని ఖాతాలోంచే తరుగుతుంది. స్కాన్ చేసిన పుస్తకాలు నాలుగైదు పడ్డాయంటే అయిపోయినట్టే. అందుకే గ్రూపులో ఫైల్ స్టోరేజీ ఆపేసి వివరాలు, లింకులు, నోట్సు మాత్రమే ఉంచమంటాం. చందా కట్టి తెచ్చుకున్న వ్యాసాల పీడీఎఫ్‌లు పదిమందికి పంచడమనే తలనొప్పి కూడా దీంతో తప్పుతుంది.

ఒక్కో గ్రూపులో మూడు ఫోల్డర్లు చాలు: దొరికినవి, చదివినవి, వాడినవి. ఇంతకంటే ఎక్కువ చేస్తే ఎవరూ సర్దరు.

ఇక టీచరు చూడాల్సింది గ్రూపులోని మూలాల పట్టీ పైనున్న కాలమ్‌ల వరుస. దాని మీద కుడి క్లిక్ చేసి మూడింటిని ఆన్ చేసుకోండి: ఎవరు చేర్చారు, ఎప్పుడు చేర్చారు, లైబ్రరీ కేటలాగ్. మొదటిది గ్రూప్ లైబ్రరీల్లోనే వస్తుంది. రెండోదాని ప్రకారం వరస పెడితే పదిహేను మూలాలూ గడువుకి ముందు రాత్రి ఒకే అరగంటలో పడ్డాయా లేదా అన్నది ఇట్టే తెలిసిపోతుంది. మూడోది ఇంకా ముఖ్యం. ఆ వివరం ఎక్కణ్నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. అన్నీ గూగుల్ స్కాలర్ నుంచే వచ్చాయంటే, విద్యార్థి ఒక్క పెట్టెలోనే వెతికి వ్యాసం అసలు పేజీ దాకా వెళ్లకుండానే జమచేశాడని అనుమానించొచ్చు. నేరం మోపడానికి కాదు ఇదంతా. ఏ వారం ఏ పాఠం మళ్లీ చెప్పాలో తేల్చుకోవడానికి.

వెతికిన మాటలు మాత్రం జొటేరోలో నమోదు కావు. అందుకే ప్రతి గ్రూపులో "వెతుకులాట" అనే పేరుతో ఒక నోటు పెట్టిస్తాం. తేదీ, ఎక్కడ వెతికారు, టైపు చేసిన మాటలు ఉన్నదున్నట్టుగా, ఎన్ని ఫలితాలొచ్చాయి, ఎన్ని ఉంచుకున్నారు, తర్వాత ఏం మార్చారు. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే మార్కులుండవు. అక్కడే అసలు నేర్పు ఉంది.

సిరిసిల్ల నేతకార్మికుల అప్పులు అనే అంశమే తీసుకోండి. విద్యార్థి మొదట ఇంగ్లీషులో "సిరిసిల్ల హ్యాండ్‌లూమ్" అని కొడతాడు. పనికొచ్చేవి పెద్దగా రావు, అంతటితో "దీనిమీద రీసెర్చ్ లేదు సార్" అంటాడు. సిరిసిల్లలో ఎక్కువగా ఉన్నవి మరమగ్గాలు, కాబట్టి మాట పవర్‌లూమ్ కావాలి. ఊరి పేరు ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు, సిర్సిల్ల అనీ సిరిసిల్ల అనీ. అన్నిటినీ పెద్దక్షరాల ఓఆర్‌తో (OR, అంటే "లేదా") కలిపి బ్రాకెట్లో పెట్టాలి. పైగా అది జిల్లా అయింది 2016 అక్టోబరులో. అంతకుముందు రాసినవన్నీ కరీంనగర్ జిల్లా కింద ఉంటాయి, 2014 జూన్‌కి ముందువైతే రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్. "తెలంగాణ" అన్న మాట తప్పనిసరి చేస్తే పాత పరిశోధన చాలావరకు జారిపోతుంది. ఈ ఒక్క ఉదాహరణ నోటులో నాలుగు వరసలుగా రాయించి చూపిస్తే, గంటసేపు స్లైడ్లతో చెప్పిన దానికంటే బాగా ఎక్కుతుంది. మీ జిల్లాకి తగినది మీరు వెతుక్కోండి. పేరు మారిన ఊరో విడిపోయిన జిల్లానో ఉంటే మరీ మంచిది.

థీసిస్‌ల కోసం శోధగంగకి పంపిస్తాం, మన యూనివర్సిటీల థీసిస్‌లు దాచే వెబ్‌సైటు అది. గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది, లాగిన్ అక్కర్లేదు. ఇక్కడ పిల్లలు పడే తికమక వేరు. ఒక థీసిస్ ఒకే ఫైలుగా ఉండదు. ముఖపత్రం, సర్టిఫికెట్, విషయసూచిక, ఒక్కో అధ్యాయం దేనికదే పీడీఎఫ్. మూడో అధ్యాయం తెరిచి దాన్నే జొటేరోలోకి లాగితే అది పేరూ ఊరూ లేని ఫైలుగా పడుతుంది. ఫైల్ మీద కాకుండా, ఆ థీసిస్ వివరాలున్న పేజీ మీద నిలబడి కనెక్టర్ నొక్కాలి. తర్వాత ఐటమ్ రకం "థీసిస్" అని ఉందో లేదో, యూనివర్సిటీ పేరు పడిందో లేదో చూసుకోవాలి. లింకుగా చిరునామా పట్టీలో ఉన్నది కాకుండా పేజీలో ఇచ్చిన హ్యాండిల్ లింకు పెట్టాలి. ఎన్నాళ్లయినా మారకూడదనే దాన్ని ఇచ్చేది. ముందు విషయసూచిక, తర్వాత చివరి అధ్యాయం, చివర గ్రంథసూచి తెరవమనండి. ఆ గ్రంథసూచి ఒక్కటే పదిసార్లు వెతికినదానితో సమానం.

జర్నళ్ల సంగతి మీ కాలేజీని బట్టి ఉంటుంది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన కేంద్రప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో 30 ప్రచురణసంస్థల 13,000 దాకా జర్నళ్లున్నాయి, కాకపోతే అది ప్రభుత్వ సంస్థలకే. ఎన్-లిస్ట్ (కాలేజీలకు ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు అందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సేవ) ఉన్న కాలేజీల్లో విద్యార్థికి ఐడీ కాలేజీ తరఫునే రావాలి. సెమిస్టర్ మొదలవక ముందే ఐడీలు తెప్పించి పెట్టుకోండి, ఆ పనికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం. లాగిన్ ఉండి కూడా "డబ్బులడుగుతోంది" అనేవాళ్లకి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: గూగుల్‌లో దొరికిన లింకుని నేరుగా నొక్కారు. ముందు ఎన్-లిస్ట్‌లో లాగిన్ అయి, అక్కణ్నుంచి ప్రచురణకర్త సైటుకి వెళ్లి, వ్యాసం శీర్షిక అక్కడ వెతుక్కోవాలి.

కనెక్టర్ గుర్తు ఆకారం చూడటం నేర్పితే సగం తప్పులు మొదట్లోనే ఆగుతాయి. కాగితం బొమ్మ ఉంటే వ్యాసం, పుస్తకం బొమ్మైతే పుస్తకం, ఫోల్డర్ బొమ్మైతే ఫలితాల పట్టీ. మామూలు వెబ్ పేజీ గుర్తు కనబడితే వ్యాసం వివరాలు అందలేదని అర్థం, సారాంశం పేజీకి వెనక్కి వెళ్లాలి. గూగుల్ స్కాలర్ పట్టీలోంచి గంపగుత్తగా జమచేస్తే రచయితల పేర్లు పొడి అక్షరాలుగా మిగులుతాయి, జర్నల్ పేరు సగమే రావచ్చు, మరీ ఎక్కువైతే "మీరు రోబోనా" అని అడ్డుకుంటుంది.

ఇంతా చేసి, పేపర్లో మార్కులు పోయేది శుభ్రం చేయని వివరాల వల్లే. జొటేరో లోపలికి ఏది వచ్చిందో దాన్నే బయటికి అచ్చేస్తుంది. శీర్షిక మొత్తం పెద్దక్షరాల్లో ఉంటే పట్టీలోనూ అలాగే అరుస్తుంది. శీర్షిక గడి మీద కుడి క్లిక్ చేస్తే సెంటెన్స్ కేస్‌కి (మొదటి అక్షరం మాత్రమే పెద్దది) మార్చే వీలుంది, తర్వాత ఊరి పేర్లు మాత్రం చేత్తో దిద్దాలి. "సాఫ్ట్‌వేరే చేసింది కదా" అన్న ధీమా విద్యార్థికి రావడమే దీని అసలు లోపం అంటాను.

తెలుగు పేర్ల దగ్గర మరీ కనిపెట్టుకుని ఉండాలి. మన ఇంటిపేరు ముందుంటుంది, జొటేరో చివరి మాటని ఇంటిపేరు అనుకుంటుంది. విశ్వనాథ సత్యనారాయణ పుస్తకం "స" కింద చేరిపోతుంది. రచయిత గడి పక్కనున్న చిన్న బొత్తాం నొక్కితే రెండు పెట్టెలు ఒకటవుతాయి, అందులో పేరు మనం ఎలా రాస్తే అలాగే వస్తుంది. పాత తెలుగు పీడీఎఫ్‌ల సంగతి సరేసరి. అను ఫాంట్లలో కట్టినవైతే కంటికి తెలుగే గానీ కాపీ చేస్తే ఇంగ్లీషక్షరాల గజిబిజి వస్తుంది, లోపల వెతికినా దొరకదు. అలాంటి వాటికి వివరాలు చేత్తో ఎక్కించడమే, దగ్గరదారి లేదు.

ఈమధ్య దీనికి మేం అనుకోని ఇంకో ఉపయోగం బయటపడింది. చాట్‌బాట్‌లు ఇచ్చే లేని వ్యాసాల్ని పట్టుకోవడం. మంత్రదండం గుర్తు నొక్కి డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) అతికిస్తే అసలు వివరాలు లాక్కొస్తుంది. ఏమీ రాకపోతే అనుమానించాలి. అంతకంటే మోసపుచ్చేది ఇంకోటుంది: డీఓఐ నిజమైనదే, వచ్చిన శీర్షిక మాత్రం వేరే. అందుకే "వచ్చింది" అన్నంత మాత్రాన సరిపోదు, శీర్షికా రచయితా పోల్చి చూడాలి. వెనక్కి తీసుకున్న వ్యాసాలుంటే ఎర్ర హెచ్చరిక అదే చూపిస్తుంది, అలాంటి వ్యాసాల లెక్క ఉంచే రిట్రాక్షన్ వాచ్ జాబితా ఆధారంగా.

ఫోన్ ఒక్కటే ఉన్న విద్యార్థులకి ఇది సగం పనిముట్టే. ఫోన్ యాప్‌లున్నా వర్డ్‌తో కలిసే ప్లగిన్ కంప్యూటర్‌కే. వాళ్లకి జొటేరోబిబ్ ఇస్తాం, బ్రౌజర్‌లోనే పనిచేసే జొటేరో వాళ్ల వెబ్‌సైటు. ఖాతా అక్కర్లేదు, డీఓఐ గానీ ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీదుండే సంఖ్య) గానీ అతికిస్తే పట్టీ తయారు. కాకపోతే అది బ్రౌజర్‌లోనే దాస్తుంది, బ్రౌజర్ డేటా తుడిస్తే పోతుంది. ప్రతిసారీ చివర్లో లింకు తీసుకుని తమకు తామే వాట్సాప్ చేసుకోమని చెప్పాలి. నిజానికి మొదటి రెండు వారాలు అందరికీ జొటేరోబిబ్ చాలు. మూలం అంటే ఏమిటో తెలియకముందే మూడు ఇన్‌స్టాలేషన్లు నెత్తిన పెడితే క్లాసు కాస్తా టెక్ సపోర్ట్ అయిపోతుంది. మూడో వారంలో జొటేరో తెరవండి.

సెమిస్టర్ అయ్యాక గ్రూప్ తుడిచేసే ముందు రెండు పనులు. టీచరు గ్రూప్ లైబ్రరీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి. విద్యార్థులకి కావలసినవి తమ సొంత లైబ్రరీలోకి లాక్కోమనాలి. లాగితే వెళ్లేది నకలు, రెంటికీ తర్వాత సంబంధం ఉండదు. కాబట్టి దిద్దుబాట్లన్నీ గ్రూపులోనే పూర్తిచేసి అప్పుడే లాగాలి. వర్డ్‌లో గ్రూప్ లైబ్రరీ నుంచి పెట్టిన ఉటంకింపులు ఆ గ్రూప్‌కే కట్టుబడి ఉంటాయి గనక, పేపర్ ఆఖరి ప్రతి అందిన తర్వాతే తుడవండి.