మూడేళ్లు వాడాక ఎగ్ బాయిలర్ గురించి: పెంకు సులువుగా వస్తుందా?

మా ఇంట్లో ఆదివారం కోడిగుడ్డు పులుసు తప్పదు. గాట్లు పెట్టి, పసుపూ కారంతో నూనెలో వేయించాలంటే గుడ్డు నున్నగా ఉండాలి. ఇంతకుముందు చన్నీళ్లలో గుడ్లు వేసి పొయ్యి మీద పెట్టేదాన్ని. సగం తెల్లసొన పెంకుతోనే ఊడి వచ్చేది. అందుకే మూడేళ్ల కిందట నల్లగొండలో ఏడు గుడ్లు పట్టే కరెంటు బాయిలర్ కొన్నాను.

పెంకు సులువుగానే వస్తుంది. దానికి కారణం ఆవిరి. నీళ్లు మెల్లగా కాగేటప్పుడు తెల్లసొన లోపలి పొరను పట్టుకుని గట్టిపడుతుంది. బాయిలర్‌లో పోసేది కొద్ది నీళ్లే కాబట్టి త్వరగా ఆవిరి లేచి, వేడి ఒక్కసారిగా తగులుతుంది. తెల్లసొన పొరకు అంతగా అతుక్కోదు. కొలత గ్లాసు అడుగున ఉన్న సూదితో గుడ్డుకు చిల్లు పెట్టమంటారు. ఏడాది పాటు పెట్టాను, తరువాత మానేశాను. ఒలవడంలో నాకు ఏ తేడా కనబడలేదు.

గుడ్లు తక్కువైతే నీళ్లు ఎక్కువ పోయాలి. మొదట్లో ఇది నాకు వింతగా అనిపించింది. గుడ్లు ఎక్కువుంటే ఆవిరి వాటి మీద చల్లబడి నీరై మళ్లీ ప్లేటు మీదికే కారుతుంది, అందుకని కొద్ది నీళ్లే చాలు. నీళ్లు ఇంకిపోగానే ప్లేటు వేడెక్కి మిషన్ ఆగిపోతుంది. ఆగగానే గుడ్లు తీసి కుండనీళ్లలో వేయాలి. లోపలే వదిలేస్తే ఉడుకు ఎక్కువై పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత పడుతుంది.

ఇబ్బందల్లా మా బోరు నీళ్లతోనే. నెల తిరిగేసరికి ప్లేటు మీద సున్నంలాంటి తెల్లటి పొర పేరుకుంటుంది. నకిరేకల్ వైపు నిమ్మతోటలు ఉన్నందున మాకు నిమ్మకాయలకు కొదవ లేదు. ఒక కాయ రసం, కాసిన్ని నీళ్లు పోసి అరగంట ఉంచి తుడిస్తే పోతుంది. పీచుతో గీకకండి, ప్లేటు పాడవుతుంది.

కరెంటు పోయిన రోజుల్లో ఇడ్లీ పాత్ర వాడాను. నీళ్లు మరిగి ఆవిరి వచ్చాక గుడ్లు పెట్టి పన్నెండు నిమిషాలు ఉంచితే పెంకు అంతే నున్నగా వస్తుంది. కాబట్టి కేవలం పెంకు కోసమైతే బాయిలర్ కొనక్కర్లేదు. పొద్దున పిల్లల డబ్బాలు సర్దుతూ పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేనివాళ్లు మాత్రం తప్పకుండా కొనండి.

అయితే అమ్మ ఊరి నుంచి పంపే నాటుకోడి గుడ్లు, అందులోనూ ఆ రోజు పెట్టినవి, దేనికీ లొంగవు. తాజా గుడ్డులో కార్బన్ డయాక్సైడ్ ఇంకా బయటికి పోదు, తెల్లసొన పొరను గట్టిగా పట్టుకుని ఉంటుంది. వారం, పది రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే అవే గుడ్లు చక్కగా ఒలుచుకుంటాయి. అందుకే ఇప్పుడు అమ్మ పంపిన ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో తేదీ రాసి పెడుతున్నాను. కొత్తవి అట్టుకు, పాతవి పులుసుకు.