20 లీటర్ల తొట్టి, మూడేళ్ల అనుభవం

మా హాల్లో టీవీ పక్కనున్న గాజు తొట్టిలో పట్టేది 20 లీటర్ల నీళ్లే. మూడేళ్ల క్రితం కొన్న రోజే షాపతను రెండు గోల్డ్‌ఫిష్‌లు, "అద్దం క్లీన్ చేస్తుంది సార్" అంటూ ఒక సక్కర్ చేప కవర్లో కట్టిచ్చాడు. నాలుగో రోజుకే నీళ్లు కడుగు నీళ్లలా తయారయ్యాయి. గోల్డ్‌ఫిష్‌లు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేశాయి. పదిరోజుల్లో రెండూ పోయాయి.

చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి వాటికే విషమైన అమోనియా పుడుతుంది. దాన్ని విరిచే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేనిచ్చింది ఒక్క సాయంత్రం! పైగా గోల్డ్‌ఫిష్ అరచేతిని మించి పెరుగుతుంది, సక్కర్ అడుగు దాటుతుంది. ఆ సక్కర్‌ని పెద్ద ట్యాంకున్న స్నేహితుడికి అప్పగించాను. దయచేసి చెరువులో మాత్రం వదలకండి, చేపల రైతులు డెవిల్ ఫిష్ అని తిట్టుకునేది దాన్నే.

తర్వాత తొట్టిని ఆరు వారాలు చేపల్లేకుండా ఖాళీగా నడిపి, బ్యాక్టీరియా కోసం చిటికెడు చిటికెడు మేత వేస్తూ ఉండి, గప్పీలనే చిన్న చేపలు తెచ్చాను. మా హైదరాబాద్ బోరు నీళ్లు అద్దం మీద తెల్లటి చార కట్టేంత ఉప్పన, అయినా వాటికి బాగానే పడ్డాయి. చిక్కల్లా సంతానంతోనే. ఆడ గప్పీ ఒకసారి జతకడితే చాలు, మళ్లీ మగది లేకపోయినా నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. ఆరు నెలలకి లెక్క నలభై దాటింది. ఆఫీసులో అందరికీ పంచాను. చివరికి నా చేతిలో కవర్ కనిపిస్తే చాలు, జనం పక్కకి తప్పుకునేవారు. గప్పీలే కావాలనుకుంటే ఐదు మగవే తెచ్చుకోండి. నియాన్ టెట్రాల సంగతి ఒక్క మాటలో చెప్తా: గుంపుగా తిరిగే, లవణాలు తక్కువుండే మెత్తటి నీళ్ల చేప, మా బోరుకి నిలవలేదు.

ఏడాదిన్నరగా ఉన్నది ఒక్క ఫైటర్ చేప. ప్లాస్టిక్ గ్లాసులో అమ్ముతుంటే 150 రూపాయలకి తెచ్చాను. అప్పుడు దాని తోక తడిసిన గుడ్డలా ముడుచుకుపోయి ఉండేది, రెండు వారాలకి విచ్చుకుంది. తలలో గాలి పీల్చే ప్రత్యేక అవయవం ఉంటుంది కాబట్టి పైకొచ్చి గుటక వేసుకుని వెళ్తుంది. అలాగని జామ్ సీసాలో పెట్టేయొద్దు. జోరుగా నీళ్లు తోసే ఫిల్టర్ కూడా దీనికి పడదు, నెమ్మదిగా బుడగలు వదిలే స్పాంజి ఫిల్టర్ చాలు. డిసెంబర్‌లో నీళ్లు చల్లబడితే అడుగున పడుకుని మేత ముట్టలేదు. 25 వాట్ల హీటర్ పెట్టాక మర్నాటికే ఆకు కింద నురగతో గూడు కట్టింది.

తోడుగా వేసిన చెర్రీ రొయ్యల్ని మూడు రోజుల్లో మింగేసింది. రెండు నత్తల్ని మాత్రం ఎందుకో వదిలేసింది. ప్రతి ఆదివారం ఐదు లీటర్లు తీసి కొత్త నీళ్లు పోస్తాను, మంజీరా కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయే చుక్కలు కలిపే. స్పాంజిని తీసిన పాత నీళ్లలోనే పిండాలి. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా కాస్తా చస్తుంది.

ఇంటికొచ్చినవాళ్లంతా "ఒక్కటేనా?" అంటారు. ఈలోగా మా పాప వేలు అద్దానికి ఆనిస్తుంది, ఫైటర్ మొప్పలు విప్పుకుని మీదికొస్తుంది. అడిగినవాళ్లు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.