వైఫై మీద లేజర్ షో: కొన్నేళ్ల వాడకం తర్వాత

పర్లాకిమిడి నుంచి అటు గుణుపురం, రాయగడ, ఇటు బరంపురం దాకా పెళ్లిళ్లకీ, చవితి పందిళ్లకీ, అమ్మవారి సంబరాలకీ లైటింగ్ వేస్తుంటాం. కొన్నేళ్లుగా మిక్సర్ దగ్గర్నుంచి లేజర్లకి కేబుల్ లాగడం మానేసి వైఫై మీద నడుపుతున్నాం. "వైర్‌లెస్ పెట్టుకోవచ్చా?" అని ఈ పనిలో ఉన్నవాళ్లు తరచూ అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఫలానా బొమ్మ వెయ్యి అని లేజర్‌కి చెప్పడానికి వైఫై చాలు. బొమ్మ మొత్తాన్ని గాల్లో పంపాలనుకుంటే మాత్రం రాత్రంతా టెన్షనే. ఎమర్జెన్సీ స్విచ్ జోలికైతే వైర్‌లెస్‌ని అసలు రానివ్వకూడదు.

మా సరంజామా పెద్దదేం కాదు. ట్రస్ (లైట్లు కట్టే చట్రం) మీద 3 వాట్ల ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) లేజర్, దానికి బొమ్మని పాయింట్లుగా తీసుకునే ఇల్డా పోర్టు, ఏ బొమ్మ ఎంత వెలుగుతో వెయ్యాలో నంబర్లుగా తీసుకునే డీఎంఎక్స్ పోర్టు రెండూ ఉన్నాయి. పక్కనే చిన్న ఆర్ట్‌నెట్ నోడ్ (నెట్‌వర్క్ మీద వచ్చే డీఎంఎక్స్ నంబర్లని లేజర్‌కి అందించే డబ్బా), ఒక రూటర్. కింద మిక్సర్ దగ్గర ల్యాప్‌టాప్. కేబుల్ ఎందుకు మానేశామో ఇక్కడి వీధులు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో వేషాలవాళ్లూ, జనం, మోటార్ సైకిళ్లూ అన్నీ ఒకే సందులోంచి పోవాలి. కేబుల్ మీద ట్రాక్టర్ ఎక్కిందంటే పిన్ను దగ్గర తెగుతుంది. ఎక్కడ తెగిందో ఆ చీకట్లో వెతుక్కోవాలి. వైఫైకి మారాక ఆ బాధ పోయింది.

బొమ్మని పాయింట్లుగా (కిరణం వరసగా తిరగాల్సిన చుక్కలుగా) పంపే పద్ధతీ చాలా షోల్లో నడిపి చూశాం. సెకనుకి 30,000 పాయింట్లు, ఒక్కో పాయింటుకి 18 బైట్లు, అంటే 4.3 మెగాబిట్ల పైచిలుకు. ఏ రూటరైనా దీన్ని మోసేస్తుంది. చిక్కంతా ఆలస్యంతోనే. మా డాక్ (ఆ పాయింట్లని లేజర్‌కి కావాల్సిన సిగ్నల్‌గా మార్చే డబ్బా) బఫర్‌లో, అంటే దాని తాత్కాలిక నిల్వలో పట్టేది 1800 పాయింట్లు, అంటే 60 మిల్లీసెకన్ల సరుకు. జనం నిండాక వైఫైలో ప్యాకెట్ అంతకంటే ఎక్కువసేపు ఆగిపోవడం మామూలే. ఈలోగా బఫర్ ఖాళీ అవుతుంది. "ఏటి బావా, పెళ్లికూతురి పేరు సగమే పడతంది?" అని స్టేజీ మీంచి మా కుర్రాడు కేకేస్తాడు. పేరు తెగడం చిన్న విషయం. లేజర్‌లో కిరణాన్ని తిప్పే అద్దాలు ఆగిపోయి వెలుగు మాత్రం ఆగకపోతే 3 వాట్లూ ఒకే చుక్క మీద పడతాయి. అలాంటప్పుడు వెలుగు ఆపేయడానికి లేజర్‌లో స్కాన్ ఫెయిల్ సేఫ్టీ అని ఒక సర్క్యూట్ ఉండాలి. చౌక లేజర్లలో అది ఉందని డబ్బా మీద రాసున్నా నేను నమ్మను. కొన్న రోజే గోడ మీద పరీక్షించి తీరాలి.

అందుకే బొమ్మలన్నీ ముందే లేజర్ లోపలి మెమరీ కార్డులో పెట్టేస్తాం. గాల్లో పంపేది నంబర్లే: ఏ బొమ్మ, ఏ రంగు, ఎంత వెలుగు. లేజర్ కంట్రోలర్లు చేసే పాంగోలిన్ కంపెనీ వాళ్ల ఎఫ్‌బీ4 కంట్రోలర్ ఉన్న లేజర్లలోనూ షోని లోపల దాచుకుని ఆర్ట్‌నెట్‌తో నడపొచ్చు. డీఎంఎక్స్‌లో 512 చానళ్లూ సెకనుకి 44 సార్ల దాకా తిరిగి తిరిగి వస్తుంటాయి. ఒక ప్యాకెట్ పోయినా 23 మిల్లీసెకన్లలో ఇంకోటి వచ్చేస్తుంది, కంటికి తెలీదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. సిగ్నల్ పోతే చాలా నోడ్లు ఆఖరి విలువనే పట్టుకుని కూర్చుంటాయి. పార్ లైట్లకి (మామూలు స్టేజీ లైట్లకి) అది మంచిదే. లేజర్‌కి మాత్రం ఆ సెట్టింగ్‌ని బ్లాకౌట్‌కి, అంటే వెలుగు పూర్తిగా ఆరిపోయేలా మార్చాలి.

ఫ్రీక్వెన్సీ విషయంలో 2.4 గిగాహెర్ట్జ్‌ని వదిలేయండి. అందులో ఒకదాన్నొకటి తాకని చానళ్లు 1, 6, 11 మాత్రమే, వాటినిండా జనం ఫోన్లూ బ్లూటూత్‌లే. 5 గిగాహెర్ట్జ్‌లో 36 గానీ 149 గానీ చేత్తో పెట్టేస్తాం, ఆటోలో ఉంచం. 52 నుంచి 144 దాకా ఉన్న చానళ్లలో రాడార్ అలికిడి అనిపిస్తే రూటర్ చానల్ ఖాళీ చేసి వెళ్లిపోతుంది. అది పాట మధ్యలో జరిగితే మన పరువు పోతుంది. రూటర్‌ని జనం తలలకి పైన, ట్రస్ మీదో వెదురు గడకో కట్టాలి. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి సిగ్నల్‌ని తాగేస్తుంది. సాయంత్రం ఖాళీ మైదానంలో చూసుకున్నదాన్ని నమ్మి రాత్రి తొమ్మిదింటికి షో మొదలెట్టకూడదు.

ఆర్ట్‌నెట్‌ని బ్రాడ్‌కాస్ట్‌లో (నెట్‌వర్క్‌లో ఉన్న అన్నిటికీ ఒకేసారి) పంపితే వైఫై దాన్ని తక్కువ వేగంతో పంపుతుంది, అందలేదని మళ్లీ పంపదు. నోడ్ ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) నేరుగా ఇచ్చి యూనికాస్ట్‌లో (ఆ ఒక్కదానికే వెళ్లేలా) పెట్టుకోండి. ఈ ఒక్క మార్పుతోనే మాకు సగం తంటాలు తీరాయి. ఐపీలు 2.0.0తో మొదలెట్టి, మాస్క్ 255.0.0.0 పెట్టి చేత్తో ఇచ్చుకోవడం మేలు. ఫోన్‌తో నడిపేవాళ్లు దాన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేసుకోవాలి. లేకపోతే ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని చెప్పి ఫోన్ మొబైల్ డేటాకి వెళ్లిపోతుంది.

ఏడు రంగుల గ్రూపులతో దొరికే చిన్న వైర్‌లెస్ డీఎంఎక్స్ డబ్బాలు మాత్రం చవితి రోజుల్లో వద్దు. పక్క పందిరివాళ్లూ అదే రంగు పెట్టుకుంటే వాళ్లు ఫేడర్ (వెలుగు పెంచి తగ్గించే మీట) కదిపితే మన లైట్లు కదులుతాయి. మాకే జరిగింది. వైఫైకి పాస్‌వర్డ్ అయినా ఉంటుంది. అది ఎవరికీ ఇవ్వకండి, పెళ్లికొడుకు తమ్ముడు ఎన్నిసార్లు అడిగినా సరే. ఆర్ట్‌నెట్‌లో ఎవరు పంపారని అడిగే ఏర్పాటే లేదు, నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడు లేజర్‌ని ఏమైనా చేయగలడు.

500 మిల్లీవాట్లు దాటితే అది క్లాస్ 4 లేజర్, కంటికి క్షణంలో హాని చేస్తుంది. అందుకే ఇంటర్‌లాక్ (సర్క్యూట్ తెగగానే వెలుగు ఆపేసే ఏర్పాటు) మాత్రం వైరుతోనే ఉంచాం. ఇల్డా పోర్టులో 4, 17 పిన్నులు దానికోసమే ఉన్నాయి. ఆ రెండింటి నుంచి ఒక సన్న వైరు లాగి మిక్సర్ దగ్గర ఎర్ర బటన్‌కి కలిపాం. వైఫై ఉన్నా పోయినా, ల్యాప్‌టాప్ బిగుసుకుపోయినా అది నొక్కితే వెలుగు ఆగుతుంది. మిగతా కేబుళ్లన్నీ మానేసినా ఈ ఒక్కటి మానం.

మహేంద్రగిరి కింద ఊళ్లలో చలికాలం పొగమంచు దిగితే పొగ మిషన్ లేకుండానే కిరణాలు ఎంత బాగా కనపడతాయో మాటల్లో చెప్పలేను. అలాంటి రాత్రే పెళ్లివాళ్లు వచ్చి, "అన్నా, కిరణాలు జనం మీదికి తిప్పవా, వీడియోలో బాగుంటాది" అంటారు. తిప్పం. జనం నిలబడే నేలకి 3 మీటర్ల పైనే కిరణం ఉండాలి. నేరుగా పడితే కెమెరా సెన్సర్లే కాలిపోతాయి, కళ్ల మాట చెప్పేదేముంది. ఈ సంగతి అడ్వాన్స్ తీసుకునేటప్పుడే చెప్పేస్తాం.