ప్రొప్రానొలాల్ సిరప్: మా పాపకు ఆరు నెలలు వాడాక

మాది కడప. పుట్టిన మూడో వారంలో పాప బుగ్గ మీద ఎర్రచుక్క కనిపించింది, రెండు నెలలకల్లా రేగిపండంత ఉబ్బింది, గ్రహణం పట్టిందని అందరూ అంటుంటే నాకు ఏడుపే. అది హెమాంజియోమా, రక్తనాళాల గడ్డ అని చెప్పి చర్మ డాక్టరు ఈ మందు రాశారు. బీపీకి వాడే మందే, ఈ గడ్డల్ని తగ్గిస్తుందని 2008లో ఫ్రాన్స్ డాక్టర్లు బయటపెట్టారు. మొదటి డోసు ఆసుపత్రిలోనే వేసి రెండు గంటలు గుండె వేగం, బీపీ చూశారు. వారంలోనే ఎరుపు తగ్గి మెత్తబడింది, ఇప్పుడు లేత గులాబీ మచ్చే మిగిలింది. ఒక్కటి మాత్రం జాగ్రత్త: పాలు తాగాకే వేయాలి, వాంతులైనా పాలు మానేసినా ఆ పూట ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి, లేకుంటే షుగర్ పడిపోవచ్చు. ఒక రాత్రి పాప పాలు ముట్టలేదు, మందు వేయకుండా తెల్లవార్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా.