శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్ట్: ఒక్క పేజీ ఎంతవరకు కాపాడుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన ఈ చెక్‌లిస్ట్‌లో ఉన్నవి 19 అంశాలే. ఎవరైనా ఉచితంగా ముద్రించుకోవచ్చు. ఒకరి ఆపరేషన్ మరొకరికి జరగకుండా, కుడి మోకాలికి బదులు ఎడమ మోకాలిని కోయకుండా ఇది ఎంతవరకు అడ్డుపడుతుందన్నదే ఇక్కడ నా పరిశీలన.

మత్తు ఇచ్చే ముందు రోగి తన పేరు, జరగబోయే ఆపరేషన్, అది ఏ వైపు అన్న సంగతి తానే ధ్రువీకరించాలి. అయితే “మీరు ఫలానా వారే కదా?” అని అడిగితే కంగారులో ఉన్నవారూ, చెవి సరిగా వినిపించనివారూ తల ఊపేస్తారు కనుక, పేరూ పుట్టిన తేదీ వారి నోటనే చెప్పించి చేతి పట్టీతో, కేస్ షీట్‌తో సరిచూడాలి. ఈ మెలకువ పేజీలో లేదు. సిబ్బందికి విడిగా నేర్పవలసిందే.

కోతకు ముందు అందరూ ఆగి సరిచూసుకునే విరామం, అంటే టైమ్ అవుట్, దీని అసలు బలం. బృందంలోని వారంతా పేరు, బాధ్యత చెప్పుకున్నాక, సర్జన్, మత్తు డాక్టర్, నర్సు ముగ్గురూ రోగినీ, చోటునూ, ఆపరేషన్‌నూ పైకి చెప్పి ధ్రువీకరిస్తారు. పేర్లు చెప్పుకోవడం కొందరికి లాంఛనంగా అనిపిస్తుంది గాని, ఒకసారి గొంతు విప్పిన జూనియర్ నర్సుకు “డాక్టరు గారూ, ఎక్స్‌రేలో రెండో వైపు ఉంది” అనడానికి జంకు తగ్గుతుంది.

లోటు, కోయవలసిన చోట చర్మం మీద గుర్తు పెట్టే అంశం దగ్గర ఉంది. అక్కడ ‘వర్తించదు’ అన్న గడి కూడా ఉండటంతో తొందరలో దానికే టిక్ పడే ప్రమాదముంది. గుర్తును ఆపరేషన్ చేసే సర్జనే, రోగి మెలకువగా ఉండగా, గుడ్డలు కప్పాక కూడా కనిపించేలా పెట్టాలి. ఇంటూ గుర్తు మాత్రం వద్దు, అది కోయమనో వద్దనో తేలదు. వెన్నుపూసల విషయంలో చర్మం మీది గుర్తు చాలదు, థియేటర్‌లోనే ఎక్స్‌రే తీసి ఏ పూసో తేల్చుకోవాలి. ఒక వైపు నరానికి ఇచ్చే మత్తు ఇంజెక్షన్ టైమ్ అవుట్ కన్నా ముందే పడిపోతుంది కాబట్టి, సూది గుచ్చే ముందు మరో విరామం చేర్చుకోవాలి.

8 నగరాల్లోని 8 ఆసుపత్రుల్లో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో ఈ చెక్‌లిస్ట్ వాడాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. టిక్కులు పడినంత మాత్రాన చదివినట్లు కాదన్నది నా అభిప్రాయం. అందుకే టైమ్ అవుట్ పూర్తయ్యేదాకా సర్జన్ చేతికి కత్తి ఇవ్వకుండా ఉండే అధికారం నర్సుకు ఉన్న థియేటర్‌కే ఈ పేజీని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.