రాగి బిందె కొనండి, 'ఖేత్రీ రాగి' అంటే మాత్రం వంద ఎక్కువ ఇవ్వకండి

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక పాత్రల అంగట్లో పెళ్లి సామానుకని రాగి బిందె కొన్నాం. బిందెకు ఐదుకు నాలుగు మార్కులు, అంగడాయన మాటలకు ఒకటి.

ముందు బిందె సంగతి. అంచు మడత మీద వేలు తిప్పితే ఎక్కడా గరుకు తగల్లేదు, అడుగు మందంగా ఉంది, రాత్రంతా నీళ్లు పోసి పెట్టినా అతుకు దగ్గర చెమ్మ లేదు. కిలో 1,250, తూకం మన కళ్ల ముందే. అయస్కాంతం అడిగితే విసుక్కోకుండా ఇచ్చారు, అది మంచి పద్ధతి, ఎందుకంటే రాగి పూత పూసిన ఇనుప సరుకు దానికి వెంటనే అతుక్కుంటుంది. పక్కన రాగి బాటిళ్లలో ఒకటి అట్లాగే పట్టుకుంది, ఆయన మాట్లాడకుండా దాన్ని వెనక్కి పెట్టేశాడు.

తేడా వచ్చింది ఇక్కడే. ఖేత్రీ అంటే రాజస్థాన్‌లో రాగి గనులున్న ఊరు. "ఇది ఖేత్రీ రాగి సార్, గవర్నమెంటు కంపెనీ సరుకు, అందుకే కిలోకి వంద ఎక్కువ" అన్నాడు. మా వెంట వచ్చిన మామయ్య ఆ మాటకు నవ్వేశాడు. ఆయనది కుప్పం పక్క. వాళ్ల నాయన కేజీఎఫ్ బంగారు గనిలో దిగితే, ఈయన రాజస్థాన్‌లో రాగి కంపెనీకి పోయి సర్వీసంతా ఖేత్రీనగర్ క్వార్టర్స్‌లోనే గడిపాడు.

మొదట్లో అక్కడి పని ఎన్ఎండీసీ అనే ప్రభుత్వ గనుల సంస్థ చూసేదట, 1967లో హిందూస్థాన్ కాపర్ అని ప్రభుత్వ రాగి కంపెనీ పెట్టి దాని చేతికిచ్చారు. 1972లో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి ఇండియన్ కాపర్ కార్పొరేషన్‌ను, అంటే ఇప్పటి జార్ఖండ్‌లోని ఘాట్‌శిల దగ్గర మోసాబని గనులను, మౌభండార్ స్మెల్టర్‌ను (రాగి కరగబెట్టే ఫ్యాక్టరీని), ప్రభుత్వం తీసుకుంటే అవీ ఇందులోకే వచ్చాయి, ఆ తర్వాత 1982లో మధ్యప్రదేశ్‌లో మలాజ్‌ఖండ్ గని. నూరు కిలోల రాయి తవ్వితే అటూ ఇటూగా కిలో రాగి వస్తుంది, కాబట్టి జనం చాలామంది కావాలి, ఆ జనానికి ఖేత్రీ ఉన్న ఝుంఝునూ జిల్లా కొండల మధ్య క్వార్టర్స్, బడి, ఆసుపత్రి అన్నీ కంపెనీయే కట్టింది. అత్తయ్య కుప్పం నుంచి రుబ్బురోలు రైల్లో వేసుకుని పోయిందంట, చుట్టుపక్కల వాళ్లంతా ఇడ్లీ పిండికి వీళ్లింటికే.

ఖేత్రీ స్మెల్టర్ 2008లో మూతపడింది. పని తగ్గాక కుటుంబాలు కదిలాయి, చాలా క్వార్టర్స్ ఖాళీ. గనులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. 2024 మేలో అక్కడి కోలిహాన్ గనిలో లిఫ్ట్ తెగి 15 మంది లోపల చిక్కుకుంటే 14 మందిని కాపాడారు, ఒకరు పోయారు. ఆ వార్త వచ్చిన రోజు మామయ్య ఫోన్ వదల్లేదు.

ఇంతకీ అక్కడ రాగి కరగబెట్టడమే ఆగిపోయింది, గని రాయిని పొడి చేసి, అందులో రాగి ఎక్కువున్న పొడిని వేరు చేసి అమ్మడమే. తూత్తుకుడి స్మెల్టర్ 2018లో మూతపడ్డాక దేశంలోకి బయటి రాగి ఇంకా పెరిగింది, పైగా పాత్రలకు పాత రాగి కరిగించిన రేకు కూడా వాడతారు. బిందె మీద ముద్ర లేదు, కాగితం లేదు, మరి ఖేత్రీ అని ఎట్లా చెబుతాడు? మామయ్య ఇదే అడిగితే వంద తగ్గించాడు.

కళాయి సర్వీసు గురించి కూడా చెప్పాలి. పాత రాగి గుండిగ ఇచ్చాం. బొగ్గుల మీద కాల్చి, నవాసారం చల్లగానే తెల్లటి పొగ లేచింది, తగరం రాసి దూది ఉండతో గిర్రున తిప్పేసరికి లోపలంతా తళతళ. పని చేసిన కుర్రాడు నిజంగా పనోడు. సాయంత్రానికి ఇస్తామని రెండు రోజులు తిప్పారు, అడుగున అరచేయంత చోట పూత అందలేదు, చూపిస్తే ఊరికే మళ్లీ వేసిచ్చారు. కళాయి లేని రాగిలో మజ్జిగ, పులుసు పెట్టకండి, ఆ మాట వాళ్లే చెప్పారు, దానికి మెచ్చుకోవాలి.

తూకం, కిలో రేటు రాసిన బిల్లు అడిగి తీసుకోండి, అడక్కపోతే తెల్ల చీటీ మీద మొత్తం రాసి చేతిలో పెడతారు.