పండుగప్ప ఫిల్లెట్ పేరుతో ఐసు కొన్నాను: గుంటూరు వాళ్ళు కాస్త చూసుకోండి

మొన్న శనివారం సాయంత్రం గుంటూరులో ఒక ఫ్రోజెన్ సీఫుడ్ షాపులో 1,870 రూపాయలు పెట్టి చేప ఫిల్లెట్లు, గుల్లలు కొన్నాను. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటిల్లిపాదీ ముద్దపప్పు, ఆవకాయ వేసుకుని తిన్నాం. మధ్యలో ఏం జరిగిందో రాస్తున్నాను. షాపు పేరు మాత్రం అడగకండి. ఫిర్యాదు నడుస్తోంది, అది తేలేవరకూ బయట పెట్టను. పేరు తెలియకపోయినా కింద రాసినవి చూసుకుంటే చాలు, ఏ షాపులోనైనా పనికొస్తాయి.

మా చెల్లెలి కొడుకు హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు. సెలవులకు మా ఇంటికి వచ్చాడు. "పెద్దమ్మా, ఈ ఆదివారం పులుసు వద్దు. ఫిష్ ఫిల్లెట్ విత్ క్లామ్ సాస్ చేసి పెడతా" అన్నాడు. ముల్లు తీసిన చేప ముక్కను పెనం మీద వేయించి, గుల్లలు ఉడికినప్పుడు వచ్చే నీళ్ళలో వెన్న, వెల్లుల్లి వేసి మరిగించిన సాసు పైన పోస్తారట. క్లామ్స్ అంటే గుల్లలే, ఆల్చిప్పలన్నా మనకు అర్థమవుతుంది. మా అత్తగారికి అర్థమైంది కూడా. "సున్నం బట్టీలో కాల్చేవాటిని ఇంట్లోకి తెస్తున్నారా?" అంది. ఆవిడ చిన్నప్పుడు గోడలకు వేసింది గుల్ల సున్నమే మరి.

షాపు చూస్తే బాగానే ఉంది. ఏసీ, గాజు తలుపుల ఫ్రీజర్లు, చేప వాసన లేదు. వాసన లేకపోతే శుభ్రంగా ఉన్నట్టే అనుకునే రకం నేను. "పండుగప్ప ఫిల్లెట్, 500 గ్రాములు, ఎమ్మార్పీ 490" అని స్టిక్కర్ అంటించిన ప్యాకెట్లు మూడు తీసుకున్నాను. గుల్లలు కిలో 400. "పొద్దున్నే నిజాంపట్నం నుంచి వచ్చాయి మేడమ్, ప్రాణంతో ఉన్నాయి" అన్నాడు కౌంటర్ అబ్బాయి. వాటిని ప్లాస్టిక్ కవర్లో వేసి, మీద మామూలు నీళ్ళు పోసి, ముడి వేసి ఇచ్చాడు. అక్కడే అనుమానం రావాల్సింది. ఉప్పునీటి ప్రాణిని మంచినీళ్ళలో ముంచి, గాలాడకుండా మూతి కడితే ఎంతసేపు బతుకుతుంది? నాకు ఆ జ్ఞానం అప్పుడు లేదు.

ఇంటికొచ్చాక మావాడు ప్యాకెట్ చేతిలోకి తీసుకుని బరువు చూసే యంత్రం అడిగాడు. కేకులు చేసేటప్పుడు వాడే చిన్నది ఉంది మా ఇంట్లో. మూడు ప్యాకెట్లూ కవరుతో సహా 500, 502, 504 తూగాయి. నేను సంతోషించాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "ఐసుతో కలిపి ఇంత ఉంది పెద్దమ్మా. ఐసు లేకుండా ఉండాలి ఇంత."

గడ్డకట్టిన చేపకు పైన పల్చటి మంచు పొర వేయడం తప్పేమీ కాదు, అది లేకపోతే ఫ్రీజర్ గాలికి ముక్క ఎండిపోయి అట్టలా అవుతుంది. కానీ ఆ మంచును చేప బరువులో కలపకూడదు. ప్యాకెట్ మీద నికర బరువు 500 అని ఉంటే లోపల చేపే 500 ఉండాలి. రెండు ప్యాకెట్లు కోసి, ముక్కల్ని కుళాయి కింద చన్నీళ్ళలో పట్టుకుని, చేతికి మంచు తగలడం ఆగిపోగానే, లోపలి ముక్క ఇంకా గట్టిగా ఉండగానే, గుడ్డతో అద్ది తూచాడు. మొదటిది 392 గ్రాములు. రెండోది 388. అంటే 490 రూపాయలకు నాకు వచ్చింది దాదాపు 390 గ్రాముల చేప. కిలో 980 అనుకున్నది 1,250 దాటింది.

అక్కడితో అయిపోలేదు. ఆ ముక్కల్ని జల్లెడ మీద పరిచి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాడు. పొద్దున్నకి కింద గిన్నెలో నీళ్ళు. ముక్కలు తూస్తే 361, 357. చేప కరిగినప్పుడు కాస్త నీరు వదలడం మామూలే. కొన్నిచోట్ల ఫిల్లెట్లను ఫాస్ఫేట్ కలిపిన నీళ్ళలో నానబెడతారని, దానితో ముక్క నీరు పీల్చి నిండుగా కనిపిస్తుందని వాడు చెప్పాడు. మా ప్యాకెట్లో అలా చేశారో లేదో చెప్పే దారి నాకు లేదు, ఎందుకంటే దాని మీద ఏం కలిపారన్న వరుసే లేదు. పెనం మీద ఏమైందో మాత్రం చూశాను. నూనె బాగా కాగాక వేసినా చుయ్యిమన్న శబ్దం రెండు క్షణాలే. తర్వాత పాలవిరుగుడు లాంటి తెల్లటి నీళ్ళు ఊరి, ముక్క అందులో ఉడికింది. ఎర్రగా వేగడమనేదే లేదు. గరిటె పెడితే చిదిరిపోయింది.

అసలు అది పండుగప్పేనా అన్నది తర్వాతి గొడవ. పండుగప్ప ముక్క మందంగా, బిగువుగా ఉంటుంది, ఉడికితే పెద్ద పెద్ద రేకులుగా విడుతుంది. ఇది పల్చగా, మెత్తగా, ఒకవైపు మధ్యలో ఎర్రటి చార. "ఇది బాసా" అన్నాడు మావాడు. బాసా పేరుతో అమ్మేది చాలాసార్లు మన కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో పెంచే ఫంగస్ (పంగాసియస్) చేపే. నాకు నమ్మకం చాలక, మేము ఎప్పుడూ చేపలు కొనే ఆవిడకు ఒక ముక్క తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ వేలితో ఒకసారి నొక్కి, "ఎవరమ్మా దీన్ని పండుగప్ప అన్నది?" అని నవ్వింది. ల్యాబ్ పరీక్ష చేయించలేదు గానీ, నలభై ఏళ్ళుగా చేపలు కోస్తున్న చెయ్యి చెప్పింది నాకు చాలు.

ఒక మాట. ఫంగస్ చేప చెడ్డదని నేననటం లేదు. ముల్లు తక్కువ, నీచు వాసన తక్కువ, పిల్లలు తింటారు. హోటల్లో అపోలో ఫిష్ అని మనం ఇష్టంగా తినే దాంట్లో చాలాసార్లు ఉండేది అదే. అదే షాపులో బాసా అని రాసిన ప్యాకెట్ ధర సగం కూడా లేదు. దాన్ని దాని పేరుతో, దాని ధరకు అమ్మితే ఎవరికీ పేచీ లేదు.

ఇక గుల్లలు. లీటరు నీళ్ళకు రెండు టేబుల్ స్పూన్ల ఉప్పు, అంటే ఇంచుమించు సముద్రపు నీరంత ఉప్పగా కలిపి అందులో వేయాలి. ప్రాణంతో ఉన్నవి రెండు మూడు గంటల్లో ఇసుక కక్కేస్తాయి. మావాటిలో చాలా నోళ్ళు తెరుచుకునే వచ్చాయి. తెరిచి ఉన్నదాన్ని వేలితో తట్టితే ముడుచుకోవాలి, ముడుచుకోకపోతే చచ్చినట్టు. అలా తట్టి చూస్తే 62లో 23 చచ్చినవి తేలాయి. "మొత్తం పారేద్దాం" అన్నాడు వాడు. నేనే ఒప్పుకోలేదు. 400 రూపాయలు కళ్ళముందు ఆడుతుంటే పారేయబుద్ధి కాలేదు. మూసుకుని ఉన్న 39 బాగానే ఉన్నట్టే కదా అని వాదించాను. ఈ ఒక్క తప్పూ నాదే, షాపువాడి మీద వెయ్యను.

వెల్లుల్లి, వెన్న వేగి ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. గుల్లలు పోసి మూత పెట్టాడు. నాలుగు నిమిషాలకు టపటపా విచ్చుకున్నాయి. మా అత్తగారు కూడా వంటింటి గడప దాకా వచ్చి తొంగి చూసింది. అప్పుడు ఒక పెద్ద గుల్ల విచ్చుకుంది. దాంట్లో మాంసం లేదు. లోపల నిండా నల్లటి బురద. ప్రాణి ఎప్పుడో చచ్చిపోయి, రెండు చిప్పల మధ్య బురద నిండి, అతుక్కుని అచ్చం బతికున్నదానిలా మూసుకుని ఉందన్నమాట. క్షణంలో సాసంతా మురుక్కాలవ రంగు. వాసన సంగతి రాయను, కొందరు భోజనాల వేళ చదువుతుంటారు. ఇలాంటివి పట్టుకోవడానికి ఒక పద్ధతుందని వాడు ఆ తర్వాత చెప్పాడు. మూసి ఉన్న గుల్లను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని చిప్పల్ని పక్కకు జరిపినట్టు గట్టిగా నొక్కితే, బతికున్నది కదలదు, బురదది జారి తెరుచుకుంటుంది. ఒక్కోదాన్నీ అలా చూడాలి. ఉడికాక కూడా విచ్చుకోనివి పారేయాలి.

"బాగా మరిగిస్తే అన్నీ చస్తాయిలే" అనుకోవద్దు. గుల్లలు తామున్న నీటిని వడకట్టి బతికే ప్రాణులు. ఆ నీళ్ళలో ఏముంటే అది వాటిలో చేరుతుంది. కొన్ని విషాలు ఎంత ఉడికించినా పోవు. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఈ ప్రయోగాలు వద్దు. మేము ఆ సాసు నాలుక మీద కూడా వేసుకోలేదు.

సోమవారం షాపుకెళ్ళాను. ఓనరు మర్యాదగానే మాట్లాడాడు. "ఐసు కరిగితే బరువు తగ్గుతుంది కదా మేడమ్" అన్నాడు. మరి ప్యాకెట్ మీద 500 దేనికి రాశారంటే, "అది ప్యాకింగ్ బరువు" అన్నాడు. పండుగప్ప సంగతి అడిగితే బిల్లు చూపించమన్నాడు. చూస్తే బిల్లులో "ఫిష్ ఐటమ్ 3" అని ఉంది. నా నోరు అక్కడ మూతపడింది. గుల్లల డబ్బు 400 మాత్రం తిరిగిచ్చాడు, అదీ ఫోన్లో బురద గుల్ల ఫోటో చూశాక, పక్కన ఇంకో ఇద్దరు కస్టమర్లు కూడా తొంగి చూశాక.

తర్వాత 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. బరువు విషయం తూనికలు కొలతల శాఖకు, లేబుల్ విషయం ఫుడ్ సేఫ్టీ వాళ్ళకు విడిగా రాసిచ్చాను. అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను, 5 లక్షల లోపు విలువైన కేసుకు అక్కడ ఫీజు లేదు. "పద్నాలుగు వందల చేపకు ఇంత రాద్ధాంతమా?" అన్నారు మావారు. ఐసుకు ప్యాకెట్‌కి వంద రూపాయల పైనే పోయింది. రోజుకు ఎన్ని ప్యాకెట్లు అమ్ముతారో ఆయన్నే లెక్క వేసుకోమన్నాను.

లేబుల్ సంగతి చెప్పాలి. పేరు, 500 గ్రాములు, ఎమ్మార్పీ తప్ప మా ప్యాకెట్ మీద ఇంకేమీ లేదు. ప్యాక్ చేసినవారి చిరునామా, తేదీ, ఎప్పటిలోగా వాడాలి, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, మాంసాహారానికి వేసే గోధుమరంగు త్రికోణం గుర్తు, ఏవీ లేవు. ఇవి లేని ప్యాకెట్ ఎంత అందమైన ఫ్రీజర్లో ఉన్నా ముట్టుకోకండి. బిల్లులో చేప పేరు రాయించుకోండి, రాయనంటే అదే జవాబు. లోపల ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, మంచు ఒకవైపు గడ్డలా పేరుకుని ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం. వీలుంటే తోలుతో ఉన్న ఫిల్లెట్ అడగండి. పండుగప్పకు పొలుసు ఉంటుంది, ఫంగస్‌కు పొలుసే ఉండదు. తోలు తీసేశాక పొలుసు ఉండేదో లేదో మనకెలా తెలుస్తుంది? ఆ తెల్ల ముక్కకు ఏ పేరు పెట్టినా చెల్లుతుంది.

వాడు తిరిగి కాలేజీకి వెళ్ళేలోపు పట్టుబట్టి ఆ వంట చేశాడు. ఈసారి ఆ చేపలావిడ దగ్గరే రెండు కిలోల పండుగప్ప కొని, కళ్ళముందే కోయించాం. ఫిల్లెట్లు కిలోకి తక్కువే వచ్చాయి గానీ తల, ముల్లు పులుసుకు సరిపోయాయి. గుల్లలు ప్రాణంతో ఉన్నవి నమ్మకంగా దొరకలేదు. కేరళ నుంచి వచ్చే ఉడికించిన గుల్ల మాంసం, అన్ని వివరాలూ ఉన్న ప్యాకెట్, వేరే షాపులో దొరికింది. కేరళ అష్టముడి సరస్సు గుల్లల వేటకు 2014లో ఎంఎస్‌సీ అనే, వనరులు తరిగిపోకుండా చేసే వేటకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చిందని, మన దేశంలో అదే మొదటిదని మావాడు చెప్పాడు. ప్యాకెట్ కరిగినప్పుడు వచ్చిన నీళ్ళు పారబోయకుండా పల్చటి గుడ్డలో వడకట్టి మరిగించాడు. వెన్న, వెల్లుల్లి, మిరియాలు, చివర నిమ్మరసం, వైన్‌కు బదులు. ఉప్పు అస్సలు వెయ్యలేదు, ఆ నీళ్ళలోనే ఉంది. చేప ముక్క తడి పూర్తిగా అద్ది, మైదా రాసి వేయిస్తే చక్కగా ఎర్రబడింది. అత్తగారు రెండు ఎండుమిరపకాయలు తుంచి వేస్తే తప్ప తిననంది, వేశాం. గుంటూరులో ఆ మాత్రం తప్పదు.

మూడో ప్యాకెట్ విప్పలేదు. అధికారులు అడిగితే చూపించడానికి, కొన్న తేదీ, బరువు కాగితం మీద రాసి అతికించి ఫ్రీజర్లో పెట్టాను. కవరుతో సహా 504 గ్రాములు. దాని పక్కన కొబ్బరి చిప్పలు పెట్టడానికి వీల్లేదని అత్తగారు రోజూ గొడవ చేస్తోంది.